ఎక్స్ రాసే ముందు

రెండు, ఐదు రూపాయల నాణేలు కలిపి 30. విలువ 90 రూపాయలు. ఏవి ఎన్ని? ఈ లెక్కలో పిల్లలు ఎక్కువగా తడబడేది సమీకరణం సాధించే దగ్గర కాదు, నాణేల సంఖ్యనూ విలువనూ కలగలిపేసే చోట. అందుకే ముందు నోటిలెక్క చేయించాలి. అన్నీ రెండు రూపాయలవే అనుకుంటే 60. ఇంకా 30 కావాలి. ఒక రెండు రూపాయల బిళ్ల తీసి ఐదుది పెడితే 3 పెరుగుతుంది, కాబట్టి ఐదువి 10, రెండువి 20. ఆ తర్వాత 2ఎక్స్ + 5(30 − ఎక్స్) = 90 అని రాస్తే అందులోని ప్రతి పదం పిల్లలకు అర్థమవుతుంది. పావులూరి మల్లన గణితాన్ని పద్యాల్లో చెప్పిన భాషలో సూత్రాలు బట్టీ పట్టించడం అన్యాయం. 'రెండు రూపాయల నాణేల సంఖ్య ఎక్స్' అన్న మొదటి వాక్యానికీ మార్కులు వేయండి.