తలుపు వెనక సుర్‌బహార్

రాజు పిలిచినా వెళ్లని త్యాగయ్య మనకు ఇంటి మనిషి. తంజావూరు కొలువును కాదని రాముడి ముందు కూర్చున్న కథ వింటూ పెరిగాం కనుక, కీర్తిని వద్దనుకున్న సంగీతకారుడు ఎవరైనా మనకు వెంటనే పూజ్యుడైపోతాడు. ఆ గౌరవం మంచిదే. కానీ సుర్‌బహార్ విద్వాంసురాలు అన్నపూర్ణాదేవి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘ఎంత త్యాగం!’ అని చేతులు జోడించి ఊరుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. త్యాగయ్య వద్దన్నది రాజుగారి సొమ్మును. ఈమె వదులుకున్నది తన శ్రోతల్ని. ఎందుకు వదులుకోవలసి వచ్చిందో అడగకుండా దండం పెట్టి తప్పుకోలేం.

1927లో మైహర్‌లో పుట్టినప్పుడు ఆమె రోషనారా. అన్నపూర్ణ అన్న పేరు అక్కడి మహారాజు పెట్టింది. తండ్రి బాబా అల్లావుద్దీన్ ఖాన్. మైహర్ ఘరానాకు ఆయనే మూలపురుషుడు. ఆ ఇంట్లో పుట్టినా ఆమెకు సంగీతం చెప్పకూడదనే బాబా మొదట అనుకున్నారు. పెద్దకూతురికి నేర్పి పంపితే అత్తవారింట్లో ఆమె తాన్‌పురాను తగలబెట్టారు మరి. ఒకరోజు అన్న అలీ అక్బర్ సాధనలో తప్పుతుంటే చెల్లెలు పాడి దిద్దుతోంది. బయటికి వెళ్లిన తండ్రి తిరిగొచ్చి వెనక నిలబడి విన్నారు. ఆ రోజు నుంచే ఆమెకు పాఠం మొదలైంది.

ముందు గాత్రం, తర్వాత సితార్. కొన్నాళ్లకు బాబా సుర్‌బహార్ నేర్పుతానన్నారు. సితార్‌ను అందరూ మెచ్చుకుంటారనీ, దీన్ని మెచ్చేది లోతు తెలిసిన కొద్దిమందేననీ ముందే హెచ్చరించారు. ఆమె సరేనన్నారు. సుర్‌బహార్ సితార్ కన్నా పెద్దది, మంద్రంలో పలుకుతుంది. ఒక్కసారి మీటి తీగను పక్కకు లాగితే నాదం చాలాసేపు నిలిచి స్వరం నుంచి స్వరానికి జారుతుంది. నిదానమైన ఆలాపనకే పుట్టిన వాద్యం. అంటే చప్పట్ల విషయంలో ఒక నిర్ణయం ఆమె చిన్నతనంలోనే, ఎవరి బలవంతమూ లేకుండా తీసుకున్నారు. దీన్ని ఆమె గురించి రాసేవాళ్లు చాలామంది పట్టించుకోరు.

1941లో సితార్ విద్వాంసుడు రవిశంకర్‌తో పెళ్లయింది. 1950ల్లో ఇద్దరూ కలిసి ఢిల్లీలో, కలకత్తాలో కచేరీలు చేశారు. జనం తనను ఎక్కువ మెచ్చుకోవడం ఆయనకు నచ్చలేదని ఎన్నో ఏళ్ల తర్వాత ఒక అరుదైన ఇంటర్వ్యూలో ఆమె చెప్పారు. తాను ప్రోత్సహించినా ఆమే ఒంటరిగా వాయించడానికి ఇష్టపడలేదన్నది రవిశంకర్ మాట. సంసారం నిలబెట్టుకోవడానికి, ఇక సభల్లో వాయించనని శారదామాత పటం ముందు ఆమె ప్రమాణం చేశారన్నది ఎక్కువగా వినపడే కథ. సంసారం మాత్రం నిలవలేదు. 1982లో విడాకులయ్యాయి. 1973లో వచ్చిన ‘అభిమాన్’ సినిమాకు ఈ దంపతులే ప్రేరణ అంటారు. సినిమాలో భార్య చివరికి మళ్లీ వేదికెక్కి పాడుతుంది. అన్నపూర్ణాదేవి ఎక్కలేదు. 1977లో పద్మభూషణ్ వచ్చినా, సంగీత నాటక అకాడమీ గౌరవాలు వచ్చినా, 2018లో కన్నుమూసేదాకా ఎక్కలేదు.

మరి అన్నేళ్లూ ఏం చేశారు? పాఠం చెప్పారు. అసలు కథ ఇక్కడుందని నా నమ్మకం.

ముంబయిలో ఆమె ఫ్లాట్ తలుపు మీద ఒక సూచన ఉండేది: బెల్లు మూడుసార్లే కొట్టండి, తలుపు తీయకపోతే పేరు రాసి వెళ్లండి అని. అక్కడికి హరిప్రసాద్ చౌరాసియా వచ్చారు. అప్పటికే సినిమా పాటల్లో చేతినిండా పని ఉన్న వేణు విద్వాంసుడు. ఆమె చాలాకాలం ఆయన్ని తిప్పి పంపారు. నేర్చిందంతా మరిచి మొదటి నుంచి మొదలుపెట్టాలన్నారు. ఆయన అంతవరకు కుడివైపు పట్టిన వేణువును ఎడమవైపుకు మార్చుకున్నారు. పేరొచ్చాక, కుదిరిన వేళ్లను కుదుపుకుని పసిపిల్లాడిలా సరళీస్వరాల దగ్గరికి వెళ్లడమంటే ఏమిటో సంగీతం నేర్చుకున్నవాళ్లకు తెలుసు. ఈనాటికీ ఆయన వేణువు ఎడమవైపే ఉంటుంది.

ఆమె వేణువు వాయించలేదు. సరోద్ శిష్యులూ ఉన్నారు, సితార్ శిష్యులూ ఉన్నారు. అందరికీ పాడే చెప్పారు. రాగసంచారం ఆమె గొంతులో వస్తే వేణువు వాడు ఊపిరిలోకి, సితార్ వాడు మీటులోకి మార్చుకోవాలి. గమకం ఎక్కడ ఆగాలో, తర్వాతి స్వరం ఎంతసేపు దాచాలో ఆమె చెవే నిర్ణయించేది. సభలో వాయించినవాళ్లు ఆ సాయంత్రం వరకే మన చెవిలో ఉంటారు. ఈమె ఇతరుల వేళ్లలో ఉండిపోయారు. నిష్క్రమించారని చెప్పడానికి నాకు నోరు రాదు.

అయినా నష్టం నష్టమే. గురువుగా ఇంత ఇచ్చారు కాబట్టి కచేరీ పోతే పోయిందిలే అనుకోవడం తప్పు. మన రావు బాలసరస్వతీదేవి సంగతి చూడండి. తెలుగు సినిమా తొలితరం నేపథ్యగాయని, లలిత సంగీతానికి ఆకాశవాణిలో దారి వేసిన గొంతు. కొలంక జమీందారు ఇంటికి కోడలిగా వెళ్లారు, భర్తకు ఇష్టం లేక సినిమా పాట మానుకున్నారు. పాడి ఉండవలసిన ఆ పాటలు మన దగ్గర లేవు. వాటికి లెక్క కట్టేవారూ లేరు. మగవాడు వేదిక దిగితే వైరాగ్యమనీ, ఆడది దిగితే ఇల్లాలి ధర్మమనీ రాసే అలవాటు మన సంగీత చరిత్రలో ఇంకా పోలేదు. ఈ పత్రికలోనూ అలాంటి వ్యాసం రాకూడదని నా పట్టుదల.

అన్నపూర్ణాదేవి రికార్డింగుకు ఒప్పుకోలేదు. ఆమెకు తెలియకుండా పట్టినవని చెప్పే కొన్ని తిరుగుతున్నాయి. మాంజ్ ఖమాజ్ ఆలాపన వాటిలో ఒకటి. వినాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిందే. నేను విన్నాను, చాలా రోజులు వేరే ఏదీ వినాలనిపించలేదు. అయితే ఆమె తలుపు తీసి ఇచ్చిన సంగీతం వేరే ఉంది. ఆమె శిష్యులు నిఖిల్ బెనర్జీ సితార్, చౌరాసియా వేణువు, నిత్యానంద్ హల్దీపూర్ వేణువు అందరికీ దొరుకుతాయి. తబలా చేరకముందు వచ్చే ఆలాపన నుంచి మొదలుపెట్టండి, ముందుకు జరపకండి.