లవంగాల గాలి వీచిన తీరం

పలాస చుట్టాలు ఉత్త చేతులతో వస్తే మొహమాటం లేకుండా అడిగేస్తాం... 'పప్పేదండీ?' అని. మరి ఆ పప్పంతా ఉద్దానం చెట్టుకే కాసిందనుకుంటున్నారా? పలాస-కాశీబుగ్గ కార్ఖానాలకు ఇక్కడి పిక్కలు ఏడాది పొడవునా సరిపోవు. ఐవరీకోస్ట్, బెనిన్, టాంజానియాల్లో కాసిన పిక్కలు సముద్రం దాటి వచ్చి, ఇక్కడి ఆడవాళ్ల చేతుల్లో పగిలి, ఒలిచి, గుండూ బద్దా వేరుపడి, పలాస పప్పుగా బయటికెళ్తాయి. ఆమాటకొస్తే జీడిమామిడి చెట్టే పరదేశి. పుట్టిల్లు బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు మన పడమటి తీరానికి తెచ్చారు. తిరిగి తిరిగి ఉద్దానం ఇసుక నేలకొచ్చి స్థిరపడింది.

ఉద్యానవనమే జనం నోట్లో ఉద్దానం అయిందంటారు. ఒకవైపు 1,501 మీటర్ల మహేంద్రగిరి, ఇంకోవైపు బంగాళాఖాతం. ఈ రెండింటి నడుమ సన్నటి పట్టీలా నేల. అందులోనే కొబ్బరి, జీడి, పనస. హౌరా-చెన్నై రైలు మార్గమూ, జాతీయ రహదారీ ఆ ఇరుకులోంచే దూరి వెళ్లాలి.

పాతకాలంలో మాత్రం అసలు రహదారి సముద్రమే. కాళిదాసు రఘువంశం ఆరో సర్గలో ఇందుమతి స్వయంవరానికి కళింగ రాజు హేమాంగదుడు వస్తాడు. అతగాణ్ని మహేంద్రగిరికే కాదు, మహాసముద్రానికీ ప్రభువన్నాడు కవి. అక్కడి గాలి ద్వీపాంతరాల నుంచి లవంగ పూలను మోసుకొస్తుందనీ చెప్పాడు. వట్టి కవి చమత్కారం అనుకునేరు! ఆ కాలంలో లవంగం ఇప్పటి ఇండోనేషియాలోని మొలుక్కా దీవుల్లో తప్ప ఎక్కడా కాసేది కాదు. అంటే అక్కడి సరుకు సంగతి ఇక్కడి వాళ్లకు తెలుసన్నమాట. అంతకుముందే, రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో, స్వర్ణభూమికి వెళ్లే ఓడలు ఒడ్డు విడిచి నడిసముద్రంలోకి మళ్లే చోటు ఒకటుందని రాశాడు. అది గంజాం దగ్గరని కొందరు, శ్రీకాకుళం దగ్గరని కొందరు పండితులు వాదించుకున్నారు. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం పాత రేవే. దానికి దగ్గర్లోని శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలను చూస్తే, ఈ దారిన నడిచింది సరుకులు మాత్రమే కాదని తెలుస్తుంది. మలయా దేశంలో దక్షిణాది వాళ్లను 'క్లింగ్' అని పిలిచేవారు. ఆ మాటలో ఉన్నది మన కళింగమే.

తర్వాత సరుకు ఉప్పయింది. టెక్కలి పక్కన నౌపడా ఉప్పు మడులు అప్పట్లో పేరున్నవి. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు కూడా నడిచింది. ఆపైన సరుకు మనిషే అయ్యాడు. కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరెక్కి వేలమంది రంగూన్ వెళ్లారు. మిల్లుల్లో, రేవుల్లో కూలి చేశారు. 1942లో జపాన్ సేనలు రాగానే ఉన్నపళంగా వెనక్కి పరుగెత్తుకొచ్చారు. 1917లో మునిగిన 'చిల్కా' ఓడ ఇంకా బారువ సముద్రంలోనే ఉంది.

ఇప్పుడో? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు తెల్లారేసరికి నేలమట్టమయ్యాయి. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ రైతు ఏం తినాలి? దీనికితోడు కారణం అంతుపట్టని కిడ్నీ జబ్బు. 2023 డిసెంబరులో పలాసలో ఆస్పత్రి, వంశధార నీళ్ల పథకం వచ్చాయి. అంతకుముందే ఎన్నో ఇళ్లలో సంపాదించే మనిషి పోయాడు. మిగిలిన పిక్కలకైనా ధర పలుకుతుందా అంటే, 80 కిలోల బస్తా రేటు దగ్గర రైతుకూ వ్యాపారికీ ఏటా పేచీయే. విదేశీ పిక్క చవగ్గా దొరికినప్పుడు ఉద్దానం పిక్క వైపు ఎవరు చూస్తారు?

టెక్కలి దగ్గర మూలపేటలో 2023 ఏప్రిల్ 19న పోర్టుకు శంకుస్థాపన జరిగింది. ఓడలు మళ్లీ వస్తాయంటున్నారు. మంచిదే. కానీ 193 కిలోమీటర్ల తీరమున్న ఈ జిల్లా జాలరి ఇప్పటికీ వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతున్నాడు. అలా వెళ్లి 2018 నవంబరులో పాకిస్థాన్‌కు చిక్కినవాళ్లు కరాచీ జైల్లో ఏడాదికి పైగా మగ్గి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా ఇళ్లకు చేరారు.