స్పాన్సర్ లేని తెర

గోరఖ్‌పూర్ అంటే మనకు ముందు గీతాప్రెస్ పుస్తకాలు గుర్తొస్తాయి, ఆ తర్వాత గోరఖ్‌నాథ్ మఠం. సినిమా గుర్తు రాదు. కానీ 2006 మార్చి 23న, భగత్‌సింగ్‌ని ఉరితీసిన తేదీ చూసుకుని, ఆ ఊళ్లో ఒక సినిమా పండగ మొదలుపెట్టారు. పెట్టింది జన సంస్కృతి మంచ్. దాని పేరు ‘ప్రతిరోధ్ కా సినిమా’. టికెట్ లేదు, పోటీ లేదు, బహుమతుల్లేవు. ప్రభుత్వం డబ్బు వద్దు, కంపెనీల డబ్బు వద్దు, ఎన్జీవోల డబ్బు కూడా వద్దన్నది వాళ్ల నియమం. హాలు అద్దె, ప్రొజెక్టరు, వచ్చిన దర్శకుడి రైలు చార్జీలు, భోజనం అన్నీ చందాల మీదే నడవాలి. చూసి వెళ్లేవాళ్లు తోచినంత డబ్బాలో వేస్తారు. ఈ పద్ధతే పట్నా, లక్నో, నైనితాల్, భిలాయి, ఉదయ్‌పూర్ లాంటి ఊళ్లకు పాకింది. కోల్‌కతాలో 2013లో ఏర్పడ్డ పీపుల్స్ ఫిల్మ్ కలెక్టివ్ కూడా దాదాపు ఇదే పట్టుదలతో 2014 నుంచి తన పండగ జరుపుకుంటోంది.

ఈ నియమం గొప్పదా, వట్టి మొండితనమా అన్న వాదన ఆనాటి నుంచీ ఉంది. వాదించుకునే ఇద్దరూ సినిమా అంటే ప్రాణం పెట్టేవాళ్లే. నా మొగ్గు నియమం వైపే. అయితే దాన్ని సమర్థించడానికి మామూలుగా చెప్పే కారణం మాత్రం నాకు ఎక్కదు. కంపెనీ డబ్బు ముట్టుకుంటే పండగ మైలపడుతుందని అంటారు. డబ్బుకు మైలేమిటి? చూడాల్సింది ఒక్కటే. ఫలానా సినిమా ఆపేయండి అని ఫోన్ చేసే అధికారం ఎవరి చేతికి వెళ్తోంది?

గోవాలో ఏం జరిగిందో చూడండి. మన దేశపు పెద్ద సినిమా ఉత్సవం ఇఫీ నడిచేది ప్రభుత్వం డబ్బుతో. 2017లో ఇండియన్ పనోరమాకు జ్యూరీ ఎంపిక చేసిన జాబితాలోంచి ‘ఎస్ దుర్గ’, ‘న్యూడ్’ అనే రెండు సినిమాలను సమాచార ప్రసార శాఖ తీసేసింది. అందులో మొదటిది అదే ఏడాది రోటర్‌డామ్‌లో టైగర్ అవార్డు గెలుచుకుని వచ్చింది. జ్యూరీ అధ్యక్షుడు సుజయ్ ఘోష్ రాజీనామా చేశారు. అంతకుముందు ముంబయిలోనూ ఇలాంటిదే. అప్పట్లో ఫిల్మ్స్ డివిజన్ నడిపిన డాక్యుమెంటరీల ఉత్సవంలో 2004కి గాను, భారతీయ సినిమాలకు సెన్సార్ సర్టిఫికెట్ ఉండి తీరాలన్నారు. విదేశీ సినిమాలకు అక్కర్లేదట. దర్శకులు గొడవ చేశాక ఆ షరతు వెనక్కి తీసుకున్నారు గానీ, ప్రభుత్వాన్ని నిలదీసే సినిమాలు చాలావరకు ఎంపికలోనే రాలిపోయాయి. గుజరాత్ మారణకాండ మీద రాకేశ్ శర్మ తీసిన ‘ఫైనల్ సొల్యూషన్’ అలా రాలిపోయిందే. అప్పుడు దర్శకులే కూడబలుక్కుని అదే ఊళ్లో, అదే సమయానికి ‘వికల్ప్’ పేరుతో సొంత పండగ పెట్టి ఆ సినిమాలు చూపించారు.

ఇవి బయటికి వచ్చిన గొడవలు. బయటికి రానివి ఇంకా ఎక్కువ. ఏ సినిమాకు స్పాన్సర్ మొహం చిట్లిస్తాడో నిర్వాహకుడికి ముందే తెలుసు కాబట్టి, అది జాబితాలోకే రాదు. కత్తెర వేసే అవసరమే పడదు. మన దగ్గరైతే ఇంకో తంతు కూడా ఉంది. ఫ్లెక్సీ మీద ఫొటో వేయించుకున్న ముఖ్య అతిథి వచ్చేదాకా సినిమా మొదలుకాదు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, నలుగురి ప్రసంగాలు అయ్యేసరికి పొద్దుపోతుంది, చివర్లో వేయాల్సిన లఘుచిత్రాలు రెండు ఎగిరిపోతాయి. గోరఖ్‌పూర్ పద్ధతిలో నాకు మహా ఇష్టమైనది, ఆ శాలువా ఖర్చు లేకపోవడం.

చందాలతో సినిమా అన్నది వాళ్లు కనిపెట్టిందేమీ కాదు. కేరళలో 1984లో దర్శకుడు జాన్ అబ్రహాం, మిత్రులు కలిసి ఒడెస్సా అనే బృందం కట్టారు. ఊరూరా తిరిగి జనం దగ్గర డబ్బు పోగుచేసి ‘అమ్మ అరియాన్’ తీశారు. 1986లో పూర్తయింది. థియేటర్లకు ఇవ్వకుండా, ప్రొజెక్టర్ మోసుకుని వెళ్లి ఊళ్లలో ఉచితంగా చూపించారు. మరుసటి ఏడాదే జాన్ చనిపోయాడు. ఒక మనిషి పిచ్చి మీద నడిచే పనికి ఆ మనిషి పోతే ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఆ కథలోనే ఉంది.

అవతలి వాదన బలం అక్కడే మొదలవుతుంది. డబ్బు లేని పండగను దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. మ్యాట్నీ వేయాలంటే ఫంక్షన్ హాలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టాలి. ఎంత కట్టినా పైన వెంటిలేటర్లోంచి వెలుతురు పడి తెర మీద బొమ్మ సగం వెలిసిపోతుంది. పెళ్లి మైకుల సెట్టులో డాక్యుమెంటరీ మాటలు గుడగుడమంటాయి. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఫైలు ఆ లాప్‌టాప్‌లో తెరుచుకోదు. ఇద్దరు కుర్రాళ్లు తిండీ నిద్రా మాని తిరుగుతుంటారు. మూడో ఏడు వాళ్లు కనబడరు, ఉద్యోగం వచ్చి వెళ్లిపోయి ఉంటారు. రెండేళ్లు కష్టపడి, సౌండ్ మిక్సింగ్‌కు అప్పు చేసి సినిమా తీసిన దర్శకుడికి ఆ ప్రదర్శన న్యాయమా? ‘జనం సినిమా’ అని పేరు పెట్టినంత మాత్రాన జనానికి చెవులుండవా?

ఇక ఆ దర్శకుడికి ముట్టేది ఎంత? ఎక్కువచోట్ల సున్నా. హాలు యజమాని డబ్బు తీసుకుంటాడు, ప్రొజెక్టర్ వాడు తీసుకుంటాడు, టీ పోసేవాడు తీసుకుంటాడు. సినిమా తీసినవాడు మాత్రం ఆశయం కోసం ఉచితంగా ఇవ్వాలి. స్పాన్సర్‌ను కాదన్న లోటు ఎవరో ఒకరు పూడ్చాలి కదా, అది గొలుసులో అందరికన్నా గొంతు చిన్నగా ఉన్నవాడి మీద పడుతోంది. నియమాన్ని నమ్మేవాళ్లు ఈ మాట దగ్గర తడబడటం నేను గమనించాను.

దీనికి పూర్తి తలకిందుల వ్యాపారం కూడా ఇప్పుడు పెరిగింది. ఇంటర్నెట్‌లో సినిమా పంపుకునే వేదికలు వచ్చాక, నెలకో ‘అంతర్జాతీయ’ ఉత్సవం పుట్టుకొస్తోంది. హాలుండదు, ప్రేక్షకులుండరు. డాలర్లలో ఎంట్రీ ఫీజు ఉంటుంది, గెలిచాక పోస్టర్ మీద అతికించుకోవడానికి రెండు ఆకుల బొమ్మ వస్తుంది. మన తెలుగు షార్ట్‌ఫిల్మ్ పోస్టర్లు కొన్నింటి మీద ఆ ఆకులు ఎన్ని ఉంటాయంటే నటీనటుల మొహాలు కనబడవు. వీటికీ స్పాన్సర్ లేడు, ప్రభుత్వం లేదు. లెక్క ప్రకారం ఇవీ స్వతంత్రమే! స్పాన్సర్ లేకపోవడం ఒక్కటే గుణం కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నియమంలో నాకు అస్సలు మింగుడుపడనిది ఎన్జీవోలను కూడా కంపెనీలతో కలిపి ఒకే గాటన కట్టడం. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. పి.వి. సతీశ్ లాంటి వాళ్లు 1983లో పెట్టారు. బడి మొహం చూడని దళిత రైతు మహిళలకు అక్కడ వీడియో కెమెరా నేర్పారు. వాళ్లు నేర్చుకున్న తీరు ముచ్చటైనది. పైనుంచి కిందికి మనిషిని చూపే షాట్‌ను పటేల్ షాట్ అన్నారు. ఎదురుగా, కళ్ల మట్టానికి పెట్టేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కనుక. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక వరంగల్ రైతుల చేలల్లోకి వెళ్లి, వాళ్ల నష్టాన్ని వాళ్ల మాటల్లోనే సీజన్ల వెంట చిత్రీకరించింది ఈ ఆడవాళ్లే. 2008లో మొదలైన సంఘం రేడియో నడిపేదీ ఇక్కడి దళిత మహిళలే. ఆ రేడియో వెనక యునెస్కో సాయం ఉంది, సొసైటీ వెనక దాతల నిధులున్నాయి. గోరఖ్‌పూర్ నియమం పస్తాపూర్‌లో పెట్టి ఉంటే ఆ కెమెరా ఆ చేతికి వచ్చేది కాదు. పండగ పెట్టడానికి చందా సరిపోవచ్చు. ఏళ్ల తరబడి మనిషికి పని నేర్పడానికి చాలదు.

పెద్ద ఎత్తున జరగాల్సిన వాటికీ చాలదు. హైదరాబాద్ వేదికగా సాగిన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం సర్కారు డబ్బుతో జరిగిందే. ఏ చందా డబ్బాతోనూ అంత మంది పిల్లల్ని పోగుచేసి ఇరాన్ సినిమా చూపించలేం. 2017లో దాని ఇరవయ్యో ఉత్సవం జరిగింది. దాన్ని నడిపిన బాలల చలనచిత్ర సంస్థను 2022లో ఎన్ఎఫ్‌డీసీలో కలిపేశారు. ప్రభుత్వం ఇచ్చేది ప్రభుత్వమే తీసేసుకోగలదన్న మాట కూడా ఇందులోనే ఉందనుకోండి. మధ్యే మార్గం ధర్మశాలది. అక్కడ రీతూ సరీన్, తెన్‌జింగ్ సోనమ్ 2012లో మొదలుపెట్టిన ఉత్సవం స్పాన్సర్లను కాదనదు, పాసులు అమ్ముతుంది, అయినా స్వతంత్ర సినిమాకు మంచి చోటుగానే పేరు తెచ్చుకుంది.

గోరఖ్‌పూర్ తరహా పండగల మీద మరో విమర్శ, నమ్మినవాళ్లకే మళ్లీ బోధిస్తున్నారన్నది. జన సంస్కృతి మంచ్ సీపీఐ ఎంఎల్ లిబరేషన్‌కు దగ్గరిదన్నది దాచిన విషయం కాదు. కంపెనీ జెండా లేనంత మాత్రాన ఏ జెండా లేదని కాదు. ఇందులో కొంత నిజముంది. కానీ చిన్న ఊరి హాల్లో సినిమా అయ్యాక లైట్లు వేసి, దర్శకుణ్ణి నిలబెట్టి గంటసేపు ప్రశ్నలు వేయడం చూస్తే ఈ విమర్శ పదును తగ్గుతుంది. ఆ ప్రశ్నలన్నీ భక్తుల ప్రశ్నలు కావు.

డబ్బు సంగతి ఇలా తేల్చుకునేలోపే వేరే సమస్య గుమ్మంలోకి వచ్చింది. 2024 జనవరి 20న హైదరాబాద్ సైనిక్‌పురిలో ఒక కెఫేలో సినిమా అభిమానులు ఆనంద్ పట్వర్ధన్ ‘రామ్ కే నామ్’ వేశారు. స్పాన్సర్ లేడు. ఆ సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ ఉంది, జాతీయ అవార్డు ఉంది, కోర్టు చెప్పాక దూరదర్శన్‌లోనూ వచ్చింది. అయినా కొందరు వచ్చి ఆపించారు, పోలీసులు నిర్వాహకుల్నే తీసుకెళ్లి కేసు పెట్టారు. సర్టిఫికెట్ లేని సినిమా అయితే ఇంకా చిక్కు. 2017లో కేరళ ప్రభుత్వమే నడిపే ఉత్సవంలో, పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణానంతరం హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జరిగిన దాని మీద తీసిన డాక్యుమెంటరీతో సహా మూడింటికి కేంద్రం సెన్సార్ మినహాయింపు ఇవ్వలేదు. పైగా ఆ మినహాయింపు పేర్లు నమోదు చేసుకున్న డెలిగేట్ల కోసం పెట్టింది. దారిన పోయేవాడు లోపలికి రావచ్చని తలుపులు బార్లా తెరిచే గోరఖ్‌పూర్ తరహా పండగ ఆ చట్రంలో ఇమడదు. చందా డబ్బా స్పాన్సర్ నుంచి కాపాడుతుంది గానీ స్టేషన్ నుంచి కాపాడదు. హాలు యజమానిని భయపెడితే చాలు, పండగ లేదు.

కనుక మన ఊళ్లలో ఎవరైనా ఇలాంటిది పెడతామంటే నేను చెప్పేది ఇది. కంపెనీ ఫ్లెక్సీ వద్దు. ఊళ్లో లెక్చరర్లు, లాయర్లు, కిరాణా కొట్టువాళ్లు, ఆటో యూనియన్ తలా కొంత ఇస్తే తీసుకోండి, ఇచ్చినవాళ్ల జాబితా గోడ మీద అంటించండి. మూడు రోజుల్లో ఇరవై సినిమాలు వేయాలన్న యావ వదిలేయండి. ఒక రోజు, నాలుగు సినిమాలు, చీకటి పడ్డాక. ఖర్చుల కాగితంలో మొదటి పద్దు దర్శకుడి ఫీజు, చిన్న మొత్తమైనా సరే. రెండోది మంచి స్పీకర్లు. నల్లగుడ్డల డబ్బు మిగులుతుంది. హాలు మాట్లాడేటప్పుడు పక్కన ఒక లాయర్‌ని కూడా కూర్చోబెట్టుకోండి.