యోగము పేరిట చన్నీటి నిర్బంధము

హోసూరు చలి యెట్టిదో ఈ పత్రిక చదువరులకు వేరుగా చెప్ప నక్కరలేదు. సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్న ఊరు మనది. పుష్యమాసమున తెల్లవారుజామున తొట్టిలోని నీరు చేతికి తగిలినంతనే ఎముకలు కొరుకును. అట్టి నీటిని, యోగాభ్యాసము ముగిసిన మరుక్షణమున, పిన్న పెద్ద యను భేదము లేక అందరును నెత్తిన పోసికొనవలెనని మన ప్రాతఃకాలపు తరగతిలో ఒక కట్టడి యేర్పడినది. నిర్వాహకులు సదుద్దేశముతోనే చేసినారు. అయినను అది తప్పు. దానిని తొలగింపవలెనని నా వాదము.

ఇది ఋషులు చెప్పిన పద్ధతి యనుచున్నారు. ఏ ఋషి? ఎచ్చట? నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించిన వర్తకుడను, పండితుడను కాను. కాని చిఠాలో లేని పద్దును ఆవర్జాలోని కెక్కింపరాదని మా అంగడి గుమాస్తాకు కూడ తెలియును. పతంజలి నియమములలో శౌచమును చెప్పినాడు గాని నీరు చల్లగా నుండవలె ననలేదు. ఆసనము సిద్ధించినవానిని ద్వంద్వములు బాధింపవని ఆయన మాట, శీతోష్ణములు అందులోనివే. అనగా చలి నోర్చుట అభ్యాసమునకు ఫలము, నిన్న చేరినవాడు కట్టవలసిన ప్రవేశరుసుము కాదు.

ఇక స్వాత్మారాముని హఠయోగ ప్రదీపికను చూడుడు. ప్రథమోపదేశముననే, అభ్యాసి వర్జింపవలసిన వానిలో ప్రాతఃస్నానము, ఉపవాసము మొదలగు కాయక్లేశములు చేర్చబడినవి! ప్రాణాయామశ్రమచే పుట్టిన చెమటను ఒంటికి మర్దించుకొనవలెనని ద్వితీయోపదేశము. మనమో ఆ చెమటను వెంటనే చన్నీళ్ళతో కడిగించుచున్నాము. 1960ల చివర అమెరికాకు వెళ్ళి కుండలినీ యోగమును బోధించిన యోగి భజన్ తన శిష్యులకు తెల్లవారుజాము చన్నీటి స్నానమును విధించెను. ఆ ఆచారము వారిది. వారి నే ననను. దానిని పతంజలి ఖాతాలో వ్రాయవద్దనియే నా మనవి.

చన్నీరు నిరుపయోగమని కూడ నే ననను. 2016లో హాలండు దేశమున 3,018 మందిపై జరిపిన పరిశీలన ప్రకటింపబడినది. వేడినీటి స్నానము చివర 30 మొదలు 90 సెకండ్లు మాత్రమే చన్నీరు. అట్లు చేసినవారు జబ్బుపేరిట పనికి సెలవు పెట్టుట 29 శాతము తగ్గినది. జబ్బుగా నున్న దినములు మాత్రము చెప్పుకోదగినంత తగ్గలేదు. పైగా తీవ్రవ్యాధులు లేని 18-65 ఏండ్లవారినే అందు చేర్చుకొనిరి. మన తరగతిలో ఎవరి వయస్సు, ఎవరి వ్యాధి ఎవరడిగినారు?

చన్నీరు ఒక్కుమ్మడిగా పైబడినప్పుడు ఊపిరి ఎగబీల్చును, చర్మములోని రక్తనాళములు ముడుచుకొనును, రక్తపోటు పెరుగును, గుండె వేగముగా కొట్టుకొనును. ఇరువదేండ్ల వానికి అది హుషారు. గుండెజబ్బు గలవానికి ప్రాణాపాయము. కడచిన పుష్యమాసమున మా వీధి పెద్దాయన యొకరు, రక్తపోటుకు మందు తీసికొనువారు, పదిమందిలో కాదనలేక రెండు చెంబులు పోసికొని గోడకు చేరగిలబడినారు. పెదవులు నల్లబడినవి. మే మిద్దరము పట్టుకొని పొడి దుప్పటి కప్పినాము. దైవకృపచే గండము గడచినది గాని, మోకాళ్ళనొప్పి ఆసనములవలననే తగ్గినదని అందరికిని చెప్పుచుండిన ఆ మనిషి మరల రాలేదు.

మన పెద్దలు కార్తికస్నానము చేయలేదా యని ఒక మిత్రు డడిగెను. చేసినారు, శక్తి గలవారు, మొక్కుకొన్నవారు చేసినారు. ఆ తల్లులే నరకచతుర్దశినాడు పిల్లలకు నువ్వులనూనె అంటి, కాగులో కాచిన వేన్నీళ్ళు పోసినారు. అది వారికి అపచారముగా తోచలేదు.

వచ్చు కార్యవర్గ సమావేశమున ఈ కట్టడిని రద్దుచేయ ప్రతిపాదింతును. ఇష్టమున్నవాడు చన్నీరు పోసికొనును, లేనివాడు ఇంటికి పోయి స్నానము చేయును. పిల్లలకును ముదుసలులకును వేన్నీళ్ళుండవలెను. అందుకు ఖర్చగునందురేమో! ఒక రాగికాగును, ఈ చలికాలమునకు చాలినన్ని కట్టెలను నా అంగడినుండి పంపుదును. మార్గశిరము దాటకముందే నిర్ణయింపుడు.