సైలెన్సరు, కురచ గొట్టం, ఒక కౌబాయ్ మోజు

బుల్లెట్టు, సైలెన్సరు అనే రెండు మాటలూ మా బెంజ్ సర్కిల్ ప్రాంతంలో మోటారుసైకిలుకు సంబంధించినవే. కుర్రవాళ్ళు కంపెనీ బిగించిన సైలెన్సరును ఊడదీయించి, నాలుగు వీధులకు వినబడే మోత గొట్టాన్ని తగిలించుకుంటారు. అటువంటి గొట్టాలను పోలీసులు పోగుచేసి రోడ్డు రోలరు కింద నలిపించిన ఛాయాచిత్రాలు మన పత్రికలలో అప్పుడప్పుడు కనబడుతుంటాయి. ఇక్కడివాళ్ళు చప్పుడు కొనుక్కోవడానికి డబ్బు పెడుతుంటే, పటమటలో పెరిగి డల్లాస్‌లో స్థిరపడిన మా మేనల్లుడు చప్పుడు తగ్గించుకోవడానికి డబ్బు పెడతానంటున్నాడు. అయితే అది బండికి కాదు, తుపాకికి.

"మామయ్యా, లివర్ యాక్షన్ రైఫిల్ ఒకటి తీసుకుందామనుకుంటున్నాను. పన్నెండు అంగుళాల గొట్టం, దానికి సైలెన్సరు. ఇప్పుడు పన్ను కూడా ఎత్తేశారు. మీరేమంటారు?" అని అడిగాడు. ఎన్.సి.సి. రోజులలో .22 రైఫిల్‌తో కొద్దిపాటి తూటాలు కాల్చడం తప్ప నాకు వేరే అనుభవం లేదు. అయినా అడిగాడు కనుక చదివాను, ఆలోచించాను. నాకు తోచినది ఇక్కడ వ్రాస్తున్నాను. అటువంటి మోజు గల మేనల్లుళ్ళు మీకూ ఉండవచ్చు.

వాడి మోజు ఎక్కడిదో నాకు తెలుసు. తెనాలి పక్కన బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'లో టోపీ పెట్టి గుర్రమెక్కినది మొదలు, కృష్ణా డెల్టాలో కౌబాయ్ మన ఊరివాడే అయిపోయాడు. 2002లో 'టక్కరి దొంగ' వచ్చేనాటికి మావాడు టికెట్ల వరుసలో నిలబడే వయసువాడు. మన పెద్దలు ఎరిగిన తుపాకి వేరు. కొల్లేటిలో బాతుల వేటకు పట్టుకుపోయిన పన్నెండు బోరు జోడు గొట్టాల తుపాకి అది. అది బారెడు పొడవుండేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ వేటకు కాలం చెల్లింది. తెర మీది తుపాకి మాత్రం మిగిలింది.

లివర్ యాక్షన్ అంటే ట్రిగ్గరు చుట్టూ ఉండే కమ్మీయే మీట. దానిని కిందికి తోస్తే కాలిన గుల్ల బయటికి ఎగిరిపడుతుంది, పైకి లాగితే గొట్టం కింది నాళికలో నుంచి కొత్త తూటా వచ్చి కూర్చుంటుంది. 1860 నాటి హెన్రీ, 1873 నాటి వించెస్టర్ ఈ జాతివే. నాళికలో తూటాలు ఒకదాని వెనుక ఒకటి బారుగా ఉంటాయి కనుక, వెనుకదాని మొన ముందుదాని మందుబిళ్ళకు ఆనుతుంది. అందుచేత వీటికి సాధారణంగా మొన చదునుగా ఉండే తూటాలే వాడతారు.

మావాడు కోరినవి రెండు మార్పులు. వాడు రెంటినీ కలిపి ఒకే సరదాగా అడిగాడు. నా దృష్టిలో అవి ఒకే తక్కెడలో తూగేవి కావు.

మొదట సైలెన్సరు. మీట తుపాకికి అది బాగా కుదురుతుంది. కాల్చిన తరువాత చేతితో మీట తోసేదాకా వెనుక ద్వారం మూసే ఉంటుంది గనుక పొగ, చప్పుడు వెనుకనుండి తప్పించుకోవు. తనంతట తానే తూటా ఎక్కించుకునే తుపాకులలో ఈ సౌకర్యం తక్కువ. అయితే సినిమాలో వలె 'తుస్సు'మనడం మాత్రం ఉండదు. రైఫిల్ మోత మామూలుగా 150 డెసిబెళ్ళు దాటుతుంది. 140 దాటితే ఒక్క మోతకే చెవి శాశ్వతంగా చెడవచ్చు. మంచి సైలెన్సరు 20 నుండి 35 డెసిబెళ్ళు తగ్గిస్తుంది, అంతే. శబ్దవేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. తూటా దానిని మించి పోతే గాలిలో పుట్టే చిటపట ఏ గొట్టానికీ లొంగదు. .38 స్పెషల్ వంటి బరువైన, నెమ్మదైన తూటాలతోనే దీని ప్రయోజనం పూర్తిగా కనబడుతుంది. దీనిని 1900ల తొలి దశకంలో అమ్మకానికి తెచ్చినవాడు హైరమ్ పెర్సీ మాక్సిమ్. మర తుపాకి కనిపెట్టిన మాక్సిమ్‌కు కొడుకు. తండ్రి ఆ మోతలకే చెవుడు తెచ్చుకున్నాడు. కొడుకు అదే సూత్రంతో యంత్రాల మోతను అణచడానికి కూడా పాటుపడ్డాడు. కనుక తుపాకి సైలెన్సరుకూ బెంజ్ సర్కిల్ బండి సైలెన్సరుకూ చుట్టరికం ఉన్నది. చెవిని కాపాడే వస్తువును నేను తప్పుపట్టలేను. పక్కన నిలబడేవాడి చెవికీ, దూరాన ఇల్లున్నవాడి నిద్రకూ అది మేలు చేస్తుంది.

ఇక కురచ గొట్టం. దీని కీర్తి అంతా తెరదే. 1958లో మొదలైన ఒక అమెరికన్ టెలివిజన్ ధారావాహికలో స్టీవ్ మెక్వీన్ నడుముకు వేలాడదీసుకున్న కోత వించెస్టరు, 1991 'టెర్మినేటర్ 2'లో ష్వార్జ్‌నెగ్గర్ మోటారుసైకిలు మీద ఒంటి చేత్తో గిర్రున తిప్పిన తుపాకి - మావాడి కళ్ళలో ఉన్నవి ఇవే. గొట్టం కోస్తే మందు పూర్తిగా కాలకముందే తూటా బయటపడుతుంది. మోత, మంట పెరుగుతాయి. కింది నాళిక కూడా కురచై తూటాలు తగ్గుతాయి. గురి చూసే రెండు బిందువుల మధ్య దూరం తగ్గి గురి చెడుతుంది. పిస్తోలు తూటాలు వాడితే ఈ నష్టం కొంత తగ్గుతుందన్నది నిజమే. పొదలలో తిరిగే వేటగాడికి కురచతనం పనికివస్తుందని కూడా ఒప్పుకుంటాను. కాని మావాడు ఆదివారం నాడు బల్ల దగ్గర కూర్చొని కాగితపు గురిని కొట్టేవాడు. పైగా పన్నెండు అంగుళాల గొట్టానికి ఎనిమిది అంగుళాల సైలెన్సరు తగిలిస్తే మొత్తం ఇరవై. మోతను పెంచుకోవడానికి గొట్టం కోసి, ఆ మోతను తగ్గించడానికి మళ్ళీ గొట్టం అతికించడం నాకు హాస్యంగా తోచింది.

అమెరికా చట్టం కూడా తక్కువ హాస్యమేమీ కాదు. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ చట్టం మర తుపాకులతో పాటు సైలెన్సర్లకూ కురచ రైఫిళ్ళకూ 200 డాలర్ల పన్ను వేసింది. ఆనాడు అది సామాన్యుడికి అందని మొత్తం. తొలి ముసాయిదాలో పిస్తోళ్ళు కూడా ఉండేవి. రైఫిల్‌ను కోసి పిస్తోలుగా వాడకుండా కురచ గొట్టం నిబంధన చేర్చారు. తరువాత పిస్తోళ్ళను వదిలేశారు, నిబంధన మాత్రం మిగిలిపోయింది. అందువల్లనే కర్మాగారంలోనే మడమ లేకుండా తయారైన పన్నెండు అంగుళాల మీట తుపాకి పిస్తోలుగా చెల్లిపోతుంది. దానికి మడమ తగిలిస్తే నమోదు కాని కురచ రైఫిల్ అయి నేరమవుతుంది. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో సైలెన్సర్లకూ కురచ తుపాకులకూ 2026 జనవరి 1 నుండి పన్ను సున్నా అయింది. "పన్ను లేదు" అన్నంత మాత్రాన అనుమతి అక్కరలేదని కాదు. వేలిముద్రలు, ఛాయాచిత్రం, నమోదు అన్నీ యథాతథం.

మన దేశంలో ఈ చర్చకే తావు లేదు. 1959 ఆయుధ చట్టం ఆరవ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి గొట్టాన్ని కురచ చేయడమే నేరం. 2019 సవరణ తరువాత దానికి ఏడేళ్ళకు తగ్గని శిక్ష, యావజ్జీవం దాకా పోవచ్చు. అదే సవరణ ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు దించింది. చప్పుడును, మంటను తగ్గించే సాధనాలను నిబంధనలు నిషిద్ధాల జాబితాలో చేర్చాయి. కురచ గొట్టం విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. మన దగ్గర గొట్టం కోయించేవాడు గురి కోసం కోయించడు, చొక్కా కింద దాచుకోవడానికి కోయిస్తాడు. సైలెన్సరు విషయంలో మాత్రం, రైఫిల్ క్లబ్బుల ఆటగాళ్ళ చెవులనైనా తలచుకొని ఎవరైనా పునరాలోచిస్తే బాగుండునని అనుకుంటాను. జరగదని తెలుసు.

అసలు భయం నాకు ఇంకొక చోట ఉన్నది. మావాడు అక్కడి పౌరుడు. వాడి ఇంట్లో వాడి బావమరిది హెచ్1బి వీసా మీద ఉంటున్నాడు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి కలిగి ఉండడాన్ని అమెరికా కేంద్ర చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. కొనకపోయినా, చేతికి అందేటట్లు ఉండడమే 'కలిగి ఉండడం'గా లెక్కకు రావచ్చు. ఉద్యోగం, గ్రీన్ కార్డు వరుస, అన్నీ ఒక అలమార తాళంచెవి మీద ఆధారపడతాయన్నమాట. ప్రాణం సంగతి చెప్పనక్కరలేదు. 2024 నవంబరులో జార్జియా రాష్ట్రంలో ఒక తెలుగు విద్యార్థి తన పుట్టినరోజునాడు వేట తుపాకిని శుభ్రం చేస్తుండగా పేలి మరణించిన వార్త మనమందరమూ చదివినదే. మీట తుపాకిలో మరొక చిక్కు. నాళికలో తూటా మిగిలినదీ లేనిదీ పైకి కనబడదు. చాలా నమూనాలలో ఖాళీ చేయాలంటే ఒక్కొక్క తూటాను మీటతో గదిలోకి ఎక్కించి దించవలసిందే.

కనుక వాడికి ఇట్లా వ్రాశాను: "పదహారు అంగుళాలకు తగ్గని గొట్టంతో తీసుకో. కురచ రైఫిల్‌ను రాష్ట్రం దాటించాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. సైలెన్సరుకు దరఖాస్తు పెట్టుకో, నాకు అభ్యంతరం లేదు. కాని మీ కంపెనీ నిన్ను శాన్‌హోసేకు మార్చే సూచన ఉంటే అదీ మానుకో, కాలిఫోర్నియాలో అది చెల్లదు. చెవులకు మఫ్‌లు మాత్రం సైలెన్సరు ఉన్నా తీయవద్దు. ఇంతకూ అలమార తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

మిగిలిన అన్నింటికీ ఆ రాత్రే సమాధానం వచ్చింది. తాళంచెవి సంగతి మళ్ళీ అడగాలి.