మెడికల్ సీటు వస్తే చాలదు.. డాక్టర్ అనిపించుకోవాలంటే అసలు రూల్స్ ఇవీ!

నీట్ రిజల్ట్ వచ్చిన రోజు భవానీపురంలో బైపీసీ పిల్లలున్న ఏ ఇంటికెళ్లినా ఒకటే ప్రశ్న.. "ఈ మార్కులకు సీటు వస్తుందా?" దానికి జవాబు చెప్పే ఆఫీసు కూడా ఊళ్లోనే ఉంది. దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కి, బస్టాండ్ దాటి గుణదల వైపు వెళ్తే డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. 1986లో పెట్టిన ఈ యూనివర్సిటీ పేరు 2022లో వైఎస్సార్‌గా మారింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. పేరు ఏదైనా రాష్ట్రంలో ఎంబీబీఎస్ కన్వీనర్ సీట్లు భర్తీ చేసేది ఇక్కడి నుంచే.

అయితే సీటు గురించి అడిగేవాళ్లే తప్ప.. చేరాక కోర్సు పూర్తవుతుందా, డిగ్రీ చేతికొచ్చాక రిజిస్ట్రేషన్ అవుతుందా అని ముందే అడిగేవాళ్లు తక్కువ. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముందు సీటు సంగతే చూద్దాం. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ విద్యార్థికి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం రావాలి. చేరే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఎంసెట్ రోజుల్లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. ఇప్పుడు అది లేదు, ర్యాంకు మొత్తం నీట్‌దే. 180 ప్రశ్నలు, 720 మార్కులు. తప్పు రాస్తే ఒక మార్కు కట్.

ఇక్కడ చాలామంది పొరబడే మాట ఒకటుంది.. "మావాడు నీట్ క్వాలిఫై అయ్యాడండీ!" 2025లో జనరల్ కటాఫ్ ఎంతో తెలుసా? 720కి 144. ఆ ఏడాది దేశంలో క్వాలిఫై అయినవాళ్లు 12 లక్షల మందికి పైగా ఉంటే, ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకే. అంటే క్వాలిఫై అవ్వడం వేరు, సీటు రావడం వేరు. ఈ తేడాను బాగా వాడుకునేది కన్సల్టెన్సీలు. వాళ్ల కథ తర్వాత చెప్పుకుందాం.

నీట్ రాస్తే కౌన్సెలింగ్‌లో పేరు దానంతట అదే వచ్చేస్తుందనుకోవడం ఇంకో పొరపాటు. ప్రభుత్వ కాలేజీల్లోని 15 శాతం ఆలిండియా కోటా సీట్లకు ఢిల్లీలోని ఎంసీసీకి, రాష్ట్ర కోటాకు హెల్త్ యూనివర్సిటీకి.. రెండింటికీ విడివిడిగా దరఖాస్తు చేయాలి. తేదీ దాటితే ర్యాంకు ఎంత బాగున్నా లాభం లేదు.

ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో మంట పెడుతున్న విషయానికి వద్దాం. అదే 'లోకల్'. రాజ్యాంగంలోని 371డి ప్రకారం మన దగ్గర 85 శాతం సీట్లు స్థానికులకే. కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా కిందకు వస్తాయి. పాత ఉత్తర్వు ప్రకారం చివరి నాలుగేళ్లు వరుసగా ఒకే ఏరియాలో చదివితే అక్కడి లోకల్. అలా కుదరకపోతే చివరి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. మన పిల్ల ఇంటర్ రెండేళ్లు హైదరాబాద్‌లో చదివి ఉంటే మాత్రం, ఇక్కడ లోకల్ అవుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

తెలంగాణలో రూల్ మారింది. విభజన జరిగి పదేళ్లు పూర్తవగానే 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం జీవో 33 తెచ్చింది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి, ఇంటర్ పరీక్ష అక్కడే రాసి ఉండాలన్నది దాని సారాంశం. విజయవాడ కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లలో ఎప్పటి నుంచో ఖమ్మం, నల్గొండ పిల్లలు ఉంటారు కదా.. దెబ్బ వాళ్లకు తగిలింది. పుట్టింది తెలంగాణ, అమ్మానాన్న ఉండేది తెలంగాణ, కానీ ఇంటర్ బెజవాడలో చదివినందుకు సొంత రాష్ట్రంలో నాన్ లోకల్! కేసు హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తెలంగాణ రూల్‌నే సమర్థించింది. నాలుగేళ్ల నిబంధన పెట్టే అధికారం రాష్ట్రానికి ఉంది, కాదనలేం. కానీ పదో తరగతి అయ్యాక హాస్టల్‌లో చేర్పించిన తల్లిదండ్రులకు ఆ రోజు ఈ రూల్ లేదు. ఆట మధ్యలో గీత జరిపితే ఎలా అన్న వాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది.

ఇక డబ్బు. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటుకు ఏడాదికి వేలల్లో ఫీజు ఉంటే, అదే క్లాసులో పక్క బెంచీ బీ కేటగిరీ సీటు 12 లక్షలు పైమాటే. 2023లో మచిలీపట్నం, ఏలూరుతో పాటు ఐదు చోట్ల మొదలైన కొత్త ప్రభుత్వ కాలేజీల్లో కూడా సగం సీట్లే మామూలు ఫీజువి. 35 శాతం సెల్ఫ్ ఫైనాన్స్ కింద 12 లక్షలకు, 15 శాతం ఎన్నారై కోటాలో 20 లక్షలకు పెట్టారు. సర్కారు కాలేజీ బోర్డు చూసి సంబరపడే ముందు సీటు ఏ కేటగిరీదో చూసుకోవాలి.

సరే, సీటు వచ్చింది. ఆ తర్వాత?

ఎంబీబీఎస్ అంటే 54 నెలల చదువు, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్. 2023 నిబంధనల్లో నేషనల్ మెడికల్ కమిషన్ రెండు గట్టి గీతలు గీసింది. ఫస్టియర్ పాస్ కావడానికి నాలుగు అటెంప్ట్‌లు మించి ఇవ్వరు. చేరిన రోజు నుంచి తొమ్మిదేళ్లలో కోర్సు అయిపోవాలి. లేదంటే ఇంటికే! అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ.. ఈ మూడింటిలో నాలుగుసార్లు తప్పితే నీట్ ర్యాంకు ఏమైనా, కట్టిన ఫీజు ఎంతైనా లెక్కలోకి రాదు. వెనకటి రోజుల్లో పదేళ్లు, పన్నెండేళ్లు చదివి బయటికొచ్చిన సీనియర్ల ముచ్చట్లు కాలేజీల్లో చెప్పుకునేవారు. ఇప్పుడా దారి మూసేశారు.

హాజరు విషయంలోనూ పట్టు బిగిసింది. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం ఉండాల్సిందే. లాంగ్ టర్మ్ కోచింగ్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా బిట్లు తిప్పిన పిల్లలకు ఇక్కడ వ్యాసాలు రాయడం, శవం ముందు నిలబడటం, వైవాలో నోరు తెరిచి చెప్పడం.. అన్నీ కొత్తే. మొదటి ఏడాదిలో జారిపడేది ఎక్కువగా ఇందుకే అనిపిస్తుంది. తెలివి లేక కాదు.

ఇప్పుడు కన్సల్టెన్సీల సంగతి. ఇక్కడ బీ కేటగిరీకి డబ్బు చాలని ఇళ్లకు వాళ్లు చూపించేది ఫారిన్. "నీట్ క్వాలిఫై అయితే చాలు సార్, మిగతాది మేం చూసుకుంటాం" అంటారు. విదేశాలకు వెళ్లాలన్నా నీట్ తప్పనిసరి అన్నది నిజమే. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. కానీ వాళ్లు చెప్పని మాటలు చాలా ఉన్నాయి.

2021 నవంబర్ 18 నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం విదేశీ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లీష్ మీడియంలోనే ఉండాలి. మొత్తం చదువు ఒకే యూనివర్సిటీలో సాగాలి. అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, తిరిగొచ్చాక ఇక్కడ ఇంకో 12 నెలలు. అన్నీ పదేళ్లలో పూర్తి కావాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ దేశంలో ఆ డిగ్రీతో అక్కడివాళ్లతో సమానంగా ప్రాక్టీస్ చేసే లైసెన్సుకు అర్హత ఉండాలి. మన పిల్లలు బాగా వెళ్లిన ఫిలిప్పీన్స్‌లో ముందు బీఎస్, తర్వాత ఎండీ. ఆ బీఎస్ కాలాన్ని మన కమిషన్ మెడిసిన్ చదువుగా లెక్కపెట్టదు. ఈ సంగతి విమానం ఎక్కాక తెలిసినవాళ్లు ఉన్నారు.

వీటన్నిటి పైన ఎఫ్‌ఎంజీఈ. 300 ప్రశ్నల్లో 150 సరిగ్గా రాస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు. తేలికే అనిపిస్తుంది కదా? ఇటీవలి సెషన్లలో పాసైనవాళ్లు మూడో వంతుకు మించడం లేదు.

అది పాసైనా కథ అయిపోలేదని కోవిడ్, ఉక్రెయిన్ బ్యాచ్‌లను చూస్తే తెలుస్తుంది. చైనాకు వెళ్లలేక, యుద్ధం వల్ల తిరిగొచ్చేసి ఆన్‌లైన్‌లో క్లాసులు విన్న పిల్లలు వీళ్లు. రోగిని ముట్టుకోకుండా నేర్చుకున్న వైద్యం సరిపోదన్నది కమిషన్ వాదన. అందుకే ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది కాదు రెండేళ్లన్నారు, కొందరికి మూడేళ్లన్నారు. సర్క్యులర్ మీద సర్క్యులర్ వచ్చింది. ఇంటర్న్‌షిప్ చేశాం, పర్మినెంట్ రిజిస్ట్రేషన్ ఇవ్వండి అంటూ 2025లో ఇదే విజయవాడలో ఫారిన్ మెడికల్ గ్రాడ్యుయేట్లు రోడ్డెక్కారు. రోగి వైపు నుంచి చూస్తే కమిషన్ మాట కొట్టిపారేసేది కాదు. కానీ రూల్ ఏదో పిల్లలు తిరిగొచ్చిన రోజే ఒకేసారి తేల్చి చెప్పి ఉంటే, రిజిస్ట్రేషన్ లేకుండా ఖాళీగా కూర్చున్న ఆ నెలలైనా కలిసొచ్చేవి. అప్పు వడ్డీ మాత్రం ఏ సర్క్యులర్ కోసమూ ఆగదు.

ఇంకో సంగతి.. ఇక్కడ చదివినవాళ్లకు, విదేశాల్లో చదివినవాళ్లకు కలిపి ఒకే ఫైనల్ పరీక్ష 'నెక్స్ట్' పెడతామని 2019 చట్టంలోనే రాసుకున్నారు. అది ఇంకా అమల్లోకి రాలేదు. ఈ ఏడాది చేరే పిల్లలు బయటికొచ్చేసరికి లైసెన్సు ఇచ్చేది ఆ పరీక్షే కావచ్చు.

ఈలోగా ఇంట్లో చేసుకోవాల్సిన పని ఒకటుంది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లన్నీ తీసి, పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో ఇప్పుడే చూసుకోండి. కౌన్సెలింగ్ తేదీలు వచ్చాక పాత స్కూలు చుట్టూ తిరగడానికి టైమ్ ఉండదు.