హెల్డప్ వేరు, అప్‌హెల్డ్ వేరు

క్రిందటి నెల యీ శీర్షికలో అర్జీలు వ్రాసే పద్ధతిని గురించి ముచ్చటించాము. అది చదివిన వొక సోదరి మా యింటికి వచ్చి, "అర్జీ సరేనండీ, వ్రాసి పంపాము. దానికి వచ్చే జవాబు చదివి అర్థం చేసుకోవడం యెలాగో అదికూడా చెప్పకూడదా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, ముందు మేము చేసిన వొక పొరపాటు పాఠకులకు విన్నవించుకోవాలి. చెప్పుకోవడానికి సిగ్గుగానే వున్నది. అయినా చెబుతాము.

మేము చదివినది మెట్రిక్యులేషను. ఇరవై యేండ్లకు పైగా ఆఫీసులో గుమస్తాగిరీ. కోయంబత్తూరులో మా వీధిలో యెవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా, "తమ్ముడూ, కాస్త చదివిపెట్టు" అంటూ మా అరుగు మీదకే వస్తారు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, కాగితం మీద ఇంగ్లీషు. యీ మూటితోనూ మనవాళ్ళ సంసారాలు తరతరాలుగా జరుగుతున్నవి గదా.

2022లో మా వీధి చివరింటి అక్కయ్యగారు వొక కవరు పట్టుకొని వచ్చారు. మిల్లులో పనిచేసిన బావగారు అంతకు ఆరు నెలల ముందు కాలం చేశారు. ఆయనకు రావలసిన సొమ్ము కోసం పెట్టుకున్న అర్జీకి జవాబు అది. అందులో ముఖ్యమైన వాక్యం యిది: "యువర్ క్లెయిమ్ హాజ్ బీన్ హెల్డ్ అప్ పెండింగ్ ప్రొడక్షన్ ఆఫ్ ది లీగల్ హెయిర్ సర్టిఫికెట్."

మేము కళ్ళజోడు సవరించుకొని చదివాము. మా ఆఫీసులో అప్పీళ్ళ కాగితాలలో "అప్‌హెల్డ్" అనే మాట తరచుగా కనబడుతుంది. ఖాయపరచినారని దాని అర్థం. హెల్డప్ అన్నా అదే కాబోలు ననుకున్నాము. "అక్కయ్యగారూ, మంజూరైంది. డబ్బు పుచ్చుకోవడానికి పిలుస్తారు. వెళ్ళేటప్పుడు వారిసు సర్టిఫికెట్టు తీసుకువెళ్ళాలట" అని చెప్పాము. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మరునాడు మా యింటికి గిన్నెడు పాయసం వచ్చింది.

పిలుపు వస్తుందని ఆవిడ యెదురుచూశారు. ఈలోగా కూతురి కాలేజీ ఫీజుకు గడువు వచ్చింది. మంజూరైన డబ్బే గదా అని రెండు జతల గాజులు కుదువపెట్టి ఫీజు కట్టారు. నాలుగు నెలలు గడిచినవి. పిలుపు లేదు. చివరకు మేమే ఆవిడను వెంటబెట్టుకొని ఆ ఆఫీసుకు వెళ్ళాము. మాలో సగం వయస్సున్న గుమస్తా కాగితం చూసి, "సార్, సర్టిఫికెట్టు వచ్చేదాకా నిలిపివుంచామని వ్రాశాము గదా, మీరు యింకా యివ్వనే లేదేమి?" అన్నాడు.

హెల్డప్ అంటే ఆపివుంచడం. అప్‌హెల్డ్ అంటే నిలబెట్టడం, ఖాయపరచడం. రెంటిలోనూ వున్నవి ఆ రెండు మాటలే. అప్ ముందుంటే మంజూరు, వెనుకవుంటే నిలుపుదల. ఆ సంగతి తెలియక మేము చదివిపెట్టిన చదువుకు ఆవిడ నాలుగు నెలల వడ్డీ కట్టారు.

సరే, యిక పాఠంలోకి వద్దాము. పుట్, టేక్, లుక్, గెట్, టర్న్ వంటి చిన్న క్రియలకు అప్, ఆఫ్, ఆన్, అవుట్, ఓవర్ వంటి పొట్టి మాటలు తగిలించి ఇంగ్లీషువారు వందలకొద్దీ క్రొత్త అర్థాలు పుట్టించుకున్నారు. వీటిని ఫ్రేజల్ వర్బులంటారు. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత తన పుస్తకంలో యీ పేరు వాడి, దీనిని తనకు సూచించినవారు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో వొకరైన హెన్రీ బ్రాడ్లీ అని చెప్పాడు. పేరు అప్పుడు వచ్చినా చిక్కు పాతదే. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువుకు వ్రాసిన ముందుమాటలోనే, పరదేశీయులకు అన్నిటికన్న కష్టమయ్యేవి యిలాంటి మాటలేనని ప్రస్తావించాడు. కనుక మనం తికమకపడితే అదేమీ మన తెలివితక్కువ కాదు.

అంతమాత్రాన భయపడనక్కరలేదు. యిటువంటి పని మన తెలుగులోనూ వున్నది. "కొట్టు" అనే క్రియను చూడండి. బాకీ ఎగ్గొట్టాడు, పని చెడగొట్టాడు, యింట్లోనుంచి వెళ్ళగొట్టాడు, వూరంతా కొల్లగొట్టాడు. వీటిలో యెక్కడైనా కర్ర పుచ్చుకొని కొట్టడం వున్నదా? లేదు. "పెట్టు" అంతే: కనిపెట్టడం, మొదలుపెట్టడం, బయటపెట్టడం, విడిచిపెట్టడం. మన పిల్లలు వీటిని బట్టీ పట్టలేదు. అమ్మ నోట విని నేర్చుకున్నారు. మనం చిన్న మాటను క్రియకు ముందు తగిలిస్తాము, ఇంగ్లీషువారు వెనుక తగిలిస్తారు. భేదం అంతే.

పొట్టి మాట యే పని చేస్తుందో కనిపెడితే సగం చిక్కు తీరుతుంది. అప్ అనేదానికి చాలాచోట్ల "పూర్తిగా" అని అర్థం. ఈట్ అంటే తిను. ఈట్ అప్ అంటే తినేయి. యూజ్ అంటే వాడు. యూజ్ అప్ అంటే మిగలకుండా వాడేయి. తమిళంలో "సాప్పిట్టు విడు" అనడంలో "విడు" చేసే పని కూడా యిదే. ఆన్ అంటే చాలాసార్లు "ఆపకుండా" అని: రీడ్ ఆన్ అంటే చదువుతూ పో, క్యారీ ఆన్ అంటే కొనసాగించు. అవుట్ అంటే లోపలిది బయటికి రావడం: ఫైండ్ అవుట్ అంటే ఆరా తీసి తెలుసుకోవడం, గివ్ అవుట్ అంటే పంచిపెట్టడం. బ్యాక్ అంటే తిరిగి: గివ్ బ్యాక్, కమ్ బ్యాక్. డౌన్ అంటే కాగితం మీదికి దించడం కూడా: రైట్ డౌన్, నోట్ డౌన్. అన్నిచోట్లా యీ లెక్క సరిపోదు సుమండీ. గివ్ అప్ అంటే పూర్తిగా యివ్వడం కాదు. మానుకోవడం, ఆశ వదులుకోవడం.

ఆఫీసులో పనిచేసే మాబోటివాళ్ళకు యివి యెందుకు తెలియవంటే దానికీ కారణమున్నది. ఇంగ్లీషు యింట్లో రెండు కొట్లున్నవి. ఒకటి పాత యింటిమాటల కొట్టు. రెండవది 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి, లాటిన్ మాటలతో నిండిన కొట్టు. మన భాషలో "వెదకు" వున్నది, "అన్వేషించు" వున్నది. అట్లాగే వాళ్ళకు పుట్ ఆఫ్ వున్నది, పోస్ట్‌పోన్ వున్నది. పాత డ్రాఫ్టులు చూసి నేర్చుకున్న గుమస్తాకు పెద్దమాటలే తెలుసు. పోస్ట్‌పోన్, ఇన్వెస్టిగేట్, టాలరేట్, అబాలిష్, రిజెక్ట్ అంటే తడుముకోకుండా చెబుతాడు. పుట్ ఆఫ్, లుక్ ఇన్‌టు, పుట్ అప్ విత్, డూ అవే విత్, టర్న్ డౌన్ అంటే తలగోక్కుంటాడు. వరుసగా చూడండి, అవీ యివీ వొకటే!

కాగితాలలో తరచుగా వచ్చేవి కొన్ని యిక్కడ వ్రాస్తున్నాము. కత్తిరించి దాచుకోవచ్చును.

ఫిల్ ఇన్: ఫారము పూర్తిచేయడం.
హ్యాండ్ ఇన్: ఆఫీసులో దాఖలు చేయడం.
హ్యాండ్ ఓవర్: అప్పగించడం.
టర్న్ డౌన్: కాదనడం, త్రోసిపుచ్చడం.
పుట్ ఆఫ్: వాయిదా వేయడం.
కాల్ ఆఫ్: పూర్తిగా రద్దు చేయడం.
కాల్ ఫర్: కావాలని అడగడం.
సెట్ అసైడ్: క్రింది ఉత్తరువును కొట్టివేయడం.
హోల్డ్ అప్: ఆపివుంచడం.

పుట్ ఆఫ్, కాల్ ఆఫ్ రెంటిలోనూ ఆఫ్ వున్నది. ఇంటర్వ్యూ పుట్ ఆఫ్ అయితే మళ్ళీ తారీఖు వస్తుంది. కాల్ ఆఫ్ అయితే లేదు. పిల్లలకు యీ తేడా తప్పక చెప్పండి.

మమ్మల్ని ముంచినట్టి తలక్రిందుల జంటలు యింకా వున్నవి. లుక్ ఓవర్ అంటే కాగితమంతా వొకసారి పరిశీలించడం. ఓవర్‌లుక్ అంటే చూడకుండా వదిలేయడం. టేక్ ఓవర్ అంటే చార్జి పుచ్చుకోవడం. ఓవర్‌టేక్ అంటే దాటిపోవడం. సెట్ అప్ అంటే నెలకొల్పడం. అప్‌సెట్ అంటే తారుమారు చేయడం, మనస్సు కలతపెట్టడం. "ఐ ఓవర్‌లుక్‌డ్ యువర్ అప్లికేషన్" అని పై అధికారితో మర్యాదగా అన్నామనుకొని అంటే, "మీ అర్జీ నా కంటబడలేదు" అని చెప్పుకున్నట్టే.

ఇక వాడుకలో రెండు నియమాలు. మొదటిది: కొన్ని జంటలను విడదీయవచ్చును. "పుట్ ఆఫ్ ది మీటింగ్" అనవచ్చు, "పుట్ ది మీటింగ్ ఆఫ్" అనీ అనవచ్చు. కాని ఇట్, హిమ్, దెమ్ వంటి సర్వనామం వస్తే అది నడుమనే కూర్చోవాలి: "పుట్ ఇట్ ఆఫ్" అనాలి, "పుట్ ఆఫ్ ఇట్" అనకూడదు. రెండవది: కొన్ని జంటలు విడిపోవు. "లుక్ ఆఫ్టర్ హర్" అనాలే గాని "లుక్ హర్ ఆఫ్టర్" అనకూడదు. యేది విడిపోతుందో, యేది విడిపోదో తెలియాలంటే దానిని వాక్యంతో సహా నేర్చుకోవాలి. వుత్తరం చివర వ్రాసే "లుక్ ఫార్వర్డ్ టు" తరువాత సీ అని రాదు, సీయింగ్ అని రావాలి.

మనవాళ్ళ తప్పులు కూడా మనమే చెప్పుకుందాము. "కోప్ అప్ విత్" అంటారు. అక్కడ అప్ అక్కరలేదు, కోప్ విత్ చాలు. "రిటర్న్ బ్యాక్" అంటారు. రిటర్న్‌లోనే తిరిగి అనే అర్థమున్నది. "ఫాను ఆన్ చెయ్యి" అని యింట్లో తెలుగులో అనడం అలవాటై, బడిలో మన పిల్లలు "ఆన్ ది ఫాన్" అంటారు; "స్విచ్ ఆన్ ది ఫాన్" లేదా "టర్న్ ఆన్" అనాలి. "మా అబ్బాయి 2020లో పాస్ అవుట్ అయినాడు" అని మన దేశంలో అంటే చదువు పూర్తిచేశాడని అర్థం. ఇంగ్లండులో ఆ మాట వింటే స్పృహ తప్పాడేమో ననుకుంటారు. ఇక పాస్ అవే అంటే చనిపోవడం. ఆస్పత్రినుంచి ఫోను వచ్చినప్పుడు యీ రెండింటినీ కలగలపవద్దు. తెలియకపోతే మళ్ళీ అడగండి. అడిగితే పరువేమీ పోదు.

ఆ రోజున అడగకపోవడమే మేము చేసిన తప్పు. నిఘంటువు మా బీరువాలోనే వున్నది. లేచి తీయడానికి రెండు నిమిషాలు పట్టదు. అక్కయ్యగారి యెదుట తెలియదని వొప్పుకోవడం నామోషీ అనిపించింది.

తరువాత తాలూకాఫీసు చుట్టూ ఆవిడతోపాటు మేమూ తిరిగాము. సర్టిఫికెట్టు వచ్చింది, దాఖలు చేశాము, మరి రెండు నెలలకు డబ్బు కూడా వచ్చింది. గాజులు విడిపించుకున్నారు. ఆ నాలుగు నెలల వడ్డీ మేమిస్తామంటే ఆవిడ పుచ్చుకోలేదు. "పోనీలే తమ్ముడూ, నువ్వు లేకపోతే చదివేవాళ్ళెవరు?" అన్నారు. మళ్ళీ కాగితాలు మా దగ్గరకే తెస్తున్నారు. ఇప్పుడు మాత్రం కవరు కంటే ముందు నిఘంటువు తెచ్చుకొని కూర్చుంటున్నాము. ఆవిడ కూతురుచేత చదివించి, మేము సరిచూస్తున్నాము. ఆ పిల్ల మమ్మల్ని అప్పుడప్పుడు సరిదిద్దుతున్నది కూడాను.

పాఠకులకు యీ నెల పని: పుట్ అనే క్రియకు ఆన్, ఆఫ్, అవుట్, అప్, డౌన్ తగిలించి అయిదు వాక్యాలు వ్రాయండి. పిల్లలచేత వ్రాయిస్తే మరీ మంచిది. సంఘం ఆఫీసులో మా పేర యిచ్చివెళితే దిద్ది పంపుతాము. వచ్చే నెల గెట్ సంగతి చూద్దాము. అది వీటన్నిటికీ పెద్దన్న.